దున్నకి తగిన తూటా

అడవిదున్నని పావురాలు కొట్టే సన్న రవ్వతో కాలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేనేమీ వేటగత్తెను కాను. తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు. వేట ఆటలు తయారుచేసే కంపెనీలో, మూడో అంతస్తులో, కిటికీ లేని గోడ పక్కన కూర్చుని, ఏ జంతువుకి ఏ తూటా తగిలితే ఎంతసేపట్లో చావాలో రాయడం నా ఉద్యోగం. ఏం పనమ్మా అని పక్కింటావిడ అడిగితే కంప్యూటర్ పని అంటాను. అబద్ధం కాదుగా.

నా తెర మీద ఒక పట్టిక ఉంటుంది. పైనుంచి కిందికి జంతువులు: బాతు, కుందేలు, దుప్పి, అడవిపంది, ఎలుగుబంటి, అన్నిటికన్నా కింద అడవిదున్న. అడ్డంగా తూటాలు. సన్న రవ్వ అంటే ఒకే తూటాలో గుప్పెడు చిన్న గుండ్లు, పిట్టలకి. చిన్న తూటా కుందేళ్ళకి. మెత్తమొన తూటా దుప్పులకీ పందులకీ. అది ఒంట్లోకి దిగాక విచ్చుకుంటుంది. విచ్చుకుంటుంది అనే అంటారు మా ఆఫీసులో, అదేదో మల్లెమొగ్గ అయినట్టు. గట్టిమొన తూటా విచ్చుకోదు. మందపు తోలూ ఎముకా దాటుకుని తిన్నగా లోపలికి పోతుంది. అది ఎలుగుకీ దున్నకీ.

ఆడేవాడు తగిన తూటా ఎంచుకుంటే జంతువు నిలబడ్డచోటే కూలుతుంది. చర్మం చెడదు, మూడు నక్షత్రాలు వస్తాయి. కుందేలుని గట్టిమొనతో కొడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, చెవులు తప్ప ఏమీ మిగలవు, నక్షత్రాలూ రావు. పెద్ద జంతువుని చిన్న తూటాతో కొడితే మాత్రం దున్నపోతు మీద వాన అనుకునేరు. అలా ఏమీ కాదు. అది చావదు, బతకదు. పొదల్లోకి పరిగెత్తి పడి ఏడుస్తుంది. ఆ ఏడుపు విని ఆడేవాడు వెతుక్కుంటూ వెళ్ళాలి. దీనికి మా ఆఫీసులో ఏడుపు దశ అని పేరు. "పందికి ఏడుపు దశ మరీ పొట్టిగా ఉందండీ, కాస్త సాగదీయండి," అని టీ తాగుతూ మామూలుగా చెప్పుకుంటారు. నేను సాగదీస్తాను. ఆ తర్వాత మధ్యాహ్నం డబ్బా విప్పేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటాను. రోజంతా పట్టుకున్నది మౌసేనని తెలుసు. అయినా కడుక్కోకుండా ముద్ద దిగదు.

మా యజమానిని అందరం వెనకాల షికారీ అంటాం. అడవిని విమానం కిటికీలోంచి తప్ప చూడలేదు ఆయన. ఒకసారి మీటింగు గదిలో బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. అలాంటి మనిషి దుప్పి పేగులు ఏ రంగులో ఉండాలో పొద్దంతా వాదించగలడు. "ఇంకాస్త తడిగా మెరవాలండీ. చూసేవాడికి నమ్మకం కుదరాలి," అంటాడు, బిస్కెట్ టీలో ముంచుకుంటూ. ఆయన తల వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'తగిన తూటా, తక్కువ బాధ' అని రాయించాడు. ఎవరి బాధో రాయించలేదు.

శబ్దాల పని మా అన్నయ్యది. నాకు ఈ ఉద్యోగం ఇప్పించిందీ అన్నయ్యే. ఆటలో ఎముక విరిగిన చప్పుడు కావాలంటే క్యాబేజీని రెండు చేతులా పట్టి మెలితిప్పుతాడు. దుప్పి నేలమీద పడ్డ చప్పుడు కావాలంటే తడిపిన తువ్వాలు గచ్చు మీద కొడతాడు. చర్మం ఒలిచే చప్పుడికి ఏం చేస్తాడో నేను అడగలేదు. మా వదిన తెల్లవారకముందే రొట్టెల బట్టీలో పనికి వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. "ఈ కొంపలో క్యాబేజీ ఎముకలు విరగ్గొట్టడానికే గానీ వండుకోడానికి మిగలదమ్మాయ్," అని నవ్వుతుంది. మేమంతా నవ్వేవాళ్ళం. నవ్వులాటగానే ఉండేది అప్పటికి.

అమ్మ పోయినేడు స్నానాల గదిలో పడిపోయింది. పక్షవాతం. కుడిపక్క అంతా పోయింది, మాట పోయింది. మిగిలింది ఒక మూలుగు. గొంతు అడుగునుంచి మొదలై, పైకి రాబోయి, మధ్యలో విరిగి, మళ్ళీ అడుక్కి జారుతుంది. మంచం మీద ఒకే పక్కన ఉంచితే పుండ్లు పడతాయి కాబట్టి పొద్దునా సాయంత్రం పక్క తిప్పాలి. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, దుప్పటితో సహా మెల్లగా దొర్లించాలి. ఎంత మెల్లగా తిప్పినా ఎడమ తుంటి దగ్గర పుండు పడనే పడింది. దాని మీద బరువు కదిలినప్పుడల్లా ఆ మూలుగు వస్తుంది. నేను "ఐపోయిందమ్మా, ఐపోయింది," అంటుంటాను. పచ్చి అబద్ధం. అది ఏ రోజూ ఐపోదు.

అన్నయ్య ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. తలుపు దగ్గర కర్టెన్ పట్టుకుని "ఎలా ఉందే?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఒకసారి రమ్మని గట్టిగా అడిగితే, "నావల్ల కాదే, నేను చూడలేను," అన్నాడు. నేను చూడలేను అన్న మాటలో ఉన్న సుఖం మరే మాటలోనూ లేదు. ఆ మాట ముందుగా ఎవరు అంటే వాళ్ళది మెత్తని మనసు. రెండో వాళ్ళది చాకిరీ.

ఇంతలో షికారీకి మా ఆటలోని ఏడుపుల మీద మనసు విరిగింది. "ఇవన్నీ ప్లాస్టిక్ ఏడుపులండీ," అన్నాడు అన్నయ్యతో, అందరి ముందూ. "వింటే చేతిలో టీ కప్పు కింద పెట్టెయ్యాలి. అలాంటిది ఒక్కటి తీసుకురండి, మన సౌండ్ విభాగం మొత్తం మీ చేతికి ఇచ్చేస్తాను." అన్నయ్య ఊరి చివర పశువుల పాక దగ్గర కూర్చుని వచ్చాడు. తుప్పు పట్టిన గేటుని లాగి లాగి రికార్డు చేశాడు. మెడ నరాలు ఉబ్బేలా తనే అరిచి చూసుకున్నాడు. ఏదీ పనికిరాలేదు. భోజనం దగ్గర కూడా చెవులు ఎక్కడో పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక పొద్దున నేను అమ్మని తిప్పుతుంటే కర్టెన్ పక్కకి జరిగింది. అన్నయ్య లోపలికి వచ్చి బీరువా పక్కన నిలబడ్డాడు. కుడిచెయ్యి చొక్కా జేబులో ఉంది.

"వచ్చావా? ఆ దిండు ఇటు అందుకో," అన్నాను.

ఎడమచేత్తో అందించాడు. నేను దిండు అమ్మ వీపు వెనక సర్దుతుంటే పుండు మీద ఒత్తుకున్నట్టుంది, ఆ రోజు మూలుగు ఇంకా పొడుగ్గా వచ్చింది. అన్నయ్య కదలలేదు. చివరిదాకా ఉన్నాడు. మధ్యాహ్నం వదినకి ఫోన్ చేసి మరీ చెప్పాను: "అన్నయ్య ఇవాళ గదిలోకి వచ్చాడు వదినా. దిండు అందించాడు." "పోనీలే, ఇప్పటికైనా," అంది వదిన. ఆ సాయంత్రం మొగుడికి అడక్కుండానే రెండోసారి టీ పెట్టి ఇచ్చింది. మా ఇద్దరు ఆడవాళ్ళ వెర్రి సంతోషం తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాతి వారం ఆట కొత్త వెర్షన్ నా బల్ల మీదికి వచ్చింది. పద్ధతి ప్రకారం ప్రతి జంతువునీ ప్రతి తూటాతో కాల్చి చూడాలి. బాతు, కుందేలు, దుప్పి, అన్నీ సరిగ్గానే చచ్చాయి. దున్న దగ్గరికి వచ్చాను. చిన్న తూటా వేసి భుజం కింద కొట్టాను. అది ఒక్కసారి తూలి, ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి పోయింది. నా చెవుల్లో హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. గడ్డి కదలడం ఆగింది. ఏడుపు మొదలైంది.

నేను కుర్చీలోంచి సగం లేచాను.

ఎందుకు లేచానో ముందు నాకే అర్థం కాలేదు. అమ్మ పిలుస్తోంది, వెళ్ళాలి అని కాళ్ళకి తెలిసింది, బుర్రకి ఇంకా తెలీలేదు. లావుగా, నెమ్మదిగా, బావిలోంచి వచ్చినట్టుంది ఆ గొంతు. కానీ ఆ పైకి రాబోవడం, ఆ విరగడం, ఆ జారడం నాకు పాఠం కంటే బాగా వచ్చు. ఇంకోసారి కాల్చాను. ఈసారి చివర్లో సన్నగా ఒక గంట మోగినట్టు వినిపించింది. నా చేతి వైపు చూసుకున్నాను. రెండు స్టీలు గాజులు. దిండు సర్దుతున్నప్పుడు అవి ఒకదానికొకటి తగులుతాయి. వాటి చప్పుడుని కూడా అన్నయ్య నెమ్మది చేశాడు.

ఆఫీసు బాత్రూముకి వెళ్ళి తిన్నదంతా కక్కాను. నోరు కడుక్కుని అద్దంలో చూసుకుని, మళ్ళీ కక్కాను.

అన్నయ్యని మెట్ల మలుపు దగ్గరికి పిలిచాను. సిగరెట్ తాగేవాళ్ళు తప్ప అటు ఎవరూ రారు.

"దున్న ఏడుపు ఎక్కడిది?"

అన్నయ్య నా మొహం చూశాడు. బుకాయించడం కుదరదని తెలిసినట్టుంది. "స్పీడు సగానికి తగ్గించానే. గొంతు లావు చేశాను. పశువుల పాకలో గాలి చప్పుడు కలిపాను. ఇప్పుడది అమ్మ కాదు, దున్న."

"మొదట్లో ఎవరు?"

"అది ఒక శబ్దం. నీకు అర్థం కాదు. మా పనిలో ప్రతి శబ్దమూ ఎక్కడినుంచో ఒకచోటినుంచి రావాల్సిందే."

"క్యాబేజీ నుంచి తెచ్చుకో."

"నెమ్మదిగా మాట్లాడు. ఎవరికి తెలుస్తుంది? అమ్మకి తెలుస్తుందా? ఆయన విని నిజంగానే కప్పు కింద పెట్టాడే. సౌండ్ విభాగం నాకు ఇస్తానన్నాడు."

"ఆ రోజు జేబులో చెయ్యి ఎందుకు పెట్టుకున్నావో అనుకున్నాను. గదిలోకి వచ్చావని సంబరపడ్డాను నేను. వదిన నీకు టీ పెట్టింది."

అన్నయ్య తల దించుకున్నాడు. "రికార్డర్ చేతిలో ఉంటేనే ఆ గదిలో నిలబడగలిగాను," అన్నాడు.

ఆ మాటకి జాలిపడాలేమో. నాకు జాలి రాలేదు. తేలు కుట్టిన దొంగలా ఆ మలుపులో నిలబడ్డ ఆ మనిషిని చూస్తుంటే కంపరం పుట్టింది. "తీసెయ్," అన్నాను. "ఇప్పుడు ఎలా తీస్తానే, ఆయన అందరికీ వినిపించేశాడు," అన్నాడు.

అది నిజమే. మధ్యాహ్నానికల్లా నా బల్ల చుట్టూ జనం. అడవులూ ఆకులూ గీసే ఆవిడ వచ్చి, "ఆ దున్నది ఒక్కసారి పెట్టవా," అంది. లెక్కలు చూసే ఆయన తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చాడు. "గట్టిమొన వద్దండీ, వెంటనే చచ్చిపోతుంది. రవ్వ వెయ్యండి, ఎక్కువసేపు వస్తుంది," అని ఆయనే తూటా ఎంచి ఇచ్చాడు. మంచివాళ్ళే ఇద్దరూ. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పళ్ళు పట్టుకొచ్చారు. విన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కర్చీఫ్‌తో తుడుచుకుని, "ఇంకొక్కసారి," అంది.

పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు. పిల్లి నయం, కళ్ళు తుడుచుకోదు.

ఇది మా అమ్మ అని ఆ క్షణాన చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. చెబితే అయ్యో అంటారు, నా భుజం మీద చెయ్యి వేస్తారు, ఆ తర్వాత నేను లేనప్పుడు చెవులు రిక్కించి ఇంకోసారి వింటారు. వినకుండా ఉండలేరు. చెప్పకపోయినా ఆటలో తప్పు ఉన్నట్టు రాయొచ్చు గదా అంటారేమో, రాయబోయాను కూడా. మా దగ్గర తప్పులకి రకాలున్నాయి: జంతువు గాల్లో నడవడం, రక్తం పైకి కారడం, తూటా తగలకుండానే చావడం. మా అమ్మ గొంతు అన్న రకం లేదు. ఆట బజారులోకి వెళ్ళడానికి ఎక్కువ రోజులు లేవు. వెళ్ళిందంటే ఊరూ పేరూ తెలియని ప్రతివాడి ఇంట్లోనూ, సోఫాలో కాళ్ళు చాపుకున్న ప్రతివాడి చెవిలోనూ అమ్మ మూలుగుతుంది. నక్షత్రాలు అక్కర్లేనివాడు కావాలనే చిన్న తూటా ఎంచుకుంటాడు.

అప్పుడు నా చేతిలో ఉన్నదేమిటో నాకు గుర్తొచ్చింది. పట్టిక నాది. దున్న ఏడవాలంటే ముందు అది వెంటనే చావకూడదు. చావాలో వద్దో రాసేది నేనే.

దున్న వరస మొత్తం మార్చేశాను. ఏ తూటా అయినా సరే, ఎక్కడ తగిలినా సరే, అక్కడికక్కడే కూలుతుంది. చిన్న తూటాకి కూలుతుంది. బాతుల రవ్వకి కూలుతుంది. తోక మీద తగిలినా కూలుతుంది. అలా రాసి, ఎన్నో రోజుల తర్వాత చేతులు కడుక్కోకుండా అన్నం తిన్నాను.

ఆ సుఖం ఎక్కువకాలం నిలవలేదు. ఆటని కొనబోయే పెద్దలు చూడ్డానికి వచ్చారు. మీటింగు గదిలో పెద్ద తెర, నాలుగు మూలలా స్పీకర్లు. అన్నయ్య స్పీకర్ల దగ్గర, నేను తలుపు దగ్గర నిలబడ్డాం. షికారీ ఆట చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు ఒక ఏడుపు వినిపిస్తాను. దయచేసి కప్పులు కింద పెట్టండి," అన్నాడు. అందరూ నవ్వుతూ కప్పులు కింద పెట్టారు. ఆయన కావాలనే సన్న రవ్వ ఎంచుకుని దున్న వెనకకాలు మీద కాల్చాడు.

దున్న నరికిన చెట్టులా పడిపోయింది.

చప్పుడు లేదు. ఒక పెద్దమనిషి, "గుండె జబ్బు ఉన్న దున్నలా ఉంది," అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. షికారీ ఇంకో దున్నని వెతికి కాల్చాడు. అదీ పడింది. మరొకటి. అదీ పడింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్ళు భోజనానికి వెళ్ళగానే మా ఇద్దరినీ గదిలో ఉంచి తలుపు వేశాడు.

"పావురాల రవ్వకి దున్న చస్తుందా అండీ?" అన్నాడు నాతో.

"చచ్చింది కదండీ."

"మీరు రాస్తే చచ్చింది. ఎందుకు రాశారు?"

"తక్కువ బాధ అని మీరే కదా గోడ మీద రాయించారు."

ఆయన గోడ వైపు తిరిగి చూడలేదు. "రేపు సాయంత్రానికి ఆ వరస పాతలా ఉండాలి. లేకపోతే వేరే ఎవరైనా మారుస్తారు, మీ బల్ల దగ్గర కూర్చుని," అన్నాడు. ఆ తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు, గొంతు తియ్యగా మారింది. "ఇంకో సంగతి. ఆ ఏడుపు ఒక్క దున్నకే ఎందుకు ఉంచాలి? దుప్పికి కూడా పెట్టండి. ఆడదుప్పికి. దానికి అంత లావు గొంతు వద్దు. మీరు చేసిన హంగులన్నీ తీసేసి, మామూలు స్పీడులో, ఎలా దొరికిందో అలా పెట్టెయ్యండి."

ఎలా దొరికిందో అలా అంటే ఏమిటో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు. నెమ్మది చేయకపోతే, లావు చేయకపోతే, గాలి కలపకపోతే అది దున్నా కాదు, దుప్పీ కాదు. మంచం మీద మా అమ్మ.

"అలాగే సార్," అన్నాడు అన్నయ్య.

ఆ మాట చెవిన పడగానే నాకు అన్నయ్య అన్న పిలుపు మీదే రోత పుట్టింది. ఇంటిదాకా బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నా మోచెయ్యి తనకి తగలకుండా ముడుచుకుని కూర్చున్నాను.

ఇంట్లో వదిన గంజి కాచి పెట్టి, అమ్మని తిప్పే వేళైందని దుప్పటి సర్దుతోంది. నేను కర్టెన్ దగ్గర ఆగాను.

"వదినా, ఇవాళ నువ్వూ వద్దు, నేనూ వద్దు. అన్నయ్య తిప్పుతాడు."

"ఆయనెక్కడ తిప్పుతారమ్మాయ్," అంది వదిన. నా మొహం చూసి పక్కకి జరిగింది.

అన్నయ్య నావల్ల కాదు అనబోయాడు. "రేపు దుప్పికి ఎలా దొరికిందో అలా పెట్టాలిగా," అన్నాను. "అదెలా దొరుకుతుందో దగ్గరినుంచి చూడు." వదినకి అర్థం కాలేదు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అన్నయ్య గదిలోకి అడుగుపెట్టాడు. అలవాటుగా చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. నేను జేబులోంచి ఆ రికార్డర్ లాగేసి కిటికీ గట్టు మీద పెట్టాను.

"దీనికి రెండు చేతులూ కావాలి," అన్నాను.

ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద. నేను చెబుతుంటే చేశాడు. అమ్మ బరువు కదిలింది, దుప్పటి జారింది, పుండు బయటపడింది. అరచెయ్యంత ఉంటుంది. మధ్యలో తెల్లగా, అంచుల్లో నల్లగా, ఎంత కడిగినా వదలని ఒక వాసన. అన్నయ్య దాన్ని అదే మొదటిసారి చూడటం. అమ్మ మూలిగింది. అది పైకి రాబోయి, విరిగి, జారింది. అన్నయ్య మొహానికి బెత్తెడు దూరంలో.

అప్పుడు అన్నయ్య గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. మాట కాదు, ఏడుపని కూడా అనలేను. వదిన ఉలిక్కిపడి తన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడు విని అమ్మ మూలుగు ఆపేసింది. బాగున్న ఎడమచెయ్యి మెల్లగా లేపి, కొడుకు చొక్కా కాలరు పట్టుకుంది. వాడికేదో అయిందనుకుని భయపడినట్టుంది. చిన్నప్పుడు పడి దెబ్బ తగిలించుకుని వస్తే అలాగే కాలరు పట్టి దగ్గరికి లాక్కునేది.

"ఐపోయిందమ్మా," అన్నాడు అన్నయ్య. "ఐపోయింది."

అబద్ధమని తనకీ తెలిసే ఉంటుంది. దిండు మాత్రం సరిగ్గా పెట్టాడు.

మర్నాడు అన్నయ్య పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి రికార్డింగ్ గదిలో తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం బయటికి వచ్చినప్పుడు కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది. కొత్త ఏడుపు షికారీకి వినిపించాడట. పాతది యంత్రంలోంచి పోయిందని, తిరిగి రాదని, ఈ గొంతు దున్నకే గానీ ఆడదుప్పికి నప్పదని చెప్పాడట. ఆయన విని, కప్పు కింద పెట్టి, "ఇదే ఇంకా బాగుందే. ఎక్కడ దొరికింది?" అన్నాడట. "ఇంట్లో," అన్నాడట అన్నయ్య. ఇవన్నీ నా బల్ల దగ్గర నిలబడి తనే చెప్పాడు, నా కళ్ళలోకి చూడకుండా.

సాయంత్రానికి దున్న వరస పాతలా రాసేశాను. ఆ తర్వాత పద్ధతి ప్రకారం పరీక్షకి కూర్చున్నాను. ఈసారి పద్ధతి కంటే ఎక్కువే చేశాను. బాతు నుంచి ఎలుగు దాకా ప్రతి జంతువునీ ప్రతి తప్పు తూటాతో, ఒంట్లో ప్రతి చోటా కాల్చి, హెడ్‌ఫోన్స్ చెవులకి అదుముకుని చివరి చప్పుడు దాకా విన్నాను. ఆడదుప్పిని పొదల్లోకి తరిమి, అది ఆఖరుసారి కాళ్ళు కొట్టుకునేదాకా పక్కనే నిలబడ్డాను. గాజుల చప్పుడు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. అమ్మ ఎక్కడా లేదు.

చివరికి దున్న. తగిన తూటా గట్టిమొన. నేను సన్న రవ్వ ఎంచుకున్నాను.

అది గడ్డిలోకి పోయి పడింది. నెమ్మది చేసినా, లావు చేసినా, గాలి కలిపినా గుర్తుపట్టాను. అది అమ్మ మంచం పక్కన నిన్న సాయంత్రం వచ్చిన చప్పుడే. అన్నయ్య గొంతు. అమ్ముకుంటే అమ్ముకోనీ, తనది తనే అమ్ముకున్నాడు.

పరీక్షకి ఒక్కసారి కాలిస్తే చాలు. ఆఫీసు ఖాళీ అయ్యేదాకా నేను కాలుస్తూనే కూర్చున్నాను.